ప్రతి బిడ్డ పేరూ మైకులో వినపడాలి

నరసరావుపేట,
డిసెంబరు, 2025

చిరంజీవికి,

మీ లెక్కల టీచరు ఆశీస్సులు. ఇంట్లో కోడలికీ పిల్లలకీ నా దీవెనలు చెప్పు.

మొన్న ఫోన్లో నీ గొంతు వింటే, తొమ్మిదో తరగతిలో క్వార్టర్లీ పరీక్షల ముందు రోజు విన్న గొంతే గుర్తొచ్చింది. "టీచర్, బడికి 75 ఏళ్ళు నిండుతున్నాయి, ఆ పండగా వార్షికోత్సవమూ కలిపి చేయమంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఫోన్లో చెప్పే మాటలు పెట్టేసిన ఐదు నిమిషాలకే సగం పోతాయి. అందుకే కాగితం తీశాను. తను చదువుకున్న బడికే హెడ్మాస్టరుగా వెళ్ళే అదృష్టం అందరికీ దక్కదు నాయనా. నీకు దక్కింది. ఈ పండగ బాగా జరగాలని నీకెంత ఉందో నాకూ అంతే ఉంది.

ముందు నాకు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మిగతాదంతా దాంట్లోంచే వచ్చింది.

నేను హెడ్మిస్ట్రెస్ అయిన మొదటి ఏడాది. మీ ఊరు కాదు, వేరే ఊరు. ఫిబ్రవరి నెల, మిరపకోతల రోజులు. సాయంత్రం ఐదింటికి సభ అని కార్డు కొట్టించాం. పెద్దలు వచ్చేసరికి ఎనిమిది. స్టేజి మీద పదకొండు కుర్చీలు, పదకొండు మందీ మాట్లాడారు. శాలువాలు, మెమెంటోలు, ఒకరి గురించి ఒకరి పొగడ్తలు. కోలాటం కట్టాల్సిన ఆరో తరగతి పిల్లలు నాలుగింటి నుంచీ ముఖానికి రంగు వేసుకుని గదిలో కూర్చున్నారు. తొమ్మిదింటికి వెళ్ళి చూస్తే బెంచీల మీద వరసగా పడుకుని నిద్రపోతున్నారు. కాటుకా లిప్‌స్టిక్కూ చెంపల నిండా పులుముకుపోయాయి.

బయట పట్టా చివర ఒకావిడ కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ మిరపకాయలు కోసి వచ్చింది. ఒళ్ళో చిన్నపిల్లాడు. రెండు అరచేతులూ పైకి తిప్పి పెట్టుకుని మధ్యమధ్యలో ఊదుకుంటోంది. కాయలు కోసిన చేతులు రాత్రికి ఎలా మండుతాయో నీకు చెప్పక్కర్లేదు, మీ అమ్మ చేతులు చూసి పెరిగినవాడివి. "మా పాప డాన్సు ఎప్పుడండీ టీచరుగారూ" అని ఆవిడ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నేను "ఇంకో పది నిమిషాలమ్మా" అనే చెప్పాను. పదికి పావుతక్కువప్పుడు పిల్లాడిని భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయింది. తెల్లారుజామున నాలుగింటికి లేస్తేగానీ ఆటో అందదు. పదింటికి మైకు కట్టేయాలి గనుక ఆ కోలాటం జరగనే లేదు.

మర్నాడు పొద్దున ప్రార్థనలో ఆ పిల్లల చేత కోలాటం వేయించాను. చక్కగా వేశారు. కానీ అప్పటికి ఆవిడ మిరపచేలో ఉంది.

ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. బడి పండగ స్టేజి మీద కూర్చున్న వాళ్ళ కోసం కాదు, పట్టా మీద కూర్చున్న వాళ్ళ కోసం. ఆ రాత్రి ఇంటికి వెళ్ళే ప్రతి తల్లీ తన బిడ్డను స్టేజి మీద చూసి ఉండాలి, బిడ్డ పేరు మైకులో విని ఉండాలి, బిడ్డ చదువు గురించి పనికొచ్చే మాట ఒక్కటైనా చెవిన వేసుకుని వెళ్ళాలి. నువ్వు తీసుకునే ప్రతి నిర్ణయానికీ ముందు ఈ మూడూ చూసుకో.

తేదీ సంగతికి వస్తాను. పాత విద్యార్థులు సంక్రాంతికే పెట్టమంటారు. హైదరాబాదు, బెంగుళూరు నుంచి వాళ్ళు ఊరికొచ్చేది అప్పుడే కాబట్టి వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. కానీ సెలవుల్లో పిల్లలు రిహార్సల్‌కి దొరకరు, టీచర్లు సొంతూళ్ళకి పోతారు. అందుకని రెండింటినీ విడదీయి. కనుమ నాడు మధ్యాహ్నం బడి తలుపులు తీసి పూర్వ విద్యార్థులను కలుసుకోనివ్వు. వాళ్ళు మాట్లాడుకోవలసినవన్నీ అక్కడే మాట్లాడుకుంటారు, స్టేజి మీద ఆ టైమంతా నీకు మిగులుతుంది. వార్షికోత్సవం మాత్రం జనవరి ఆఖరి శనివారం, 31న పెట్టు. రిపబ్లిక్ డేకి నేర్చుకున్న పాటలూ డ్రిల్లూ పిల్లలకి అప్పటికి చేతిలోనే ఉంటాయి. ఫిబ్రవరిలోకి మాత్రం జరపకు. ఈసారి శివరాత్రి 15వ తేదీన పడింది. కోటప్పకొండ తిరునాళ్ళకి పదిహేను రోజుల ముందు నుంచే ఊళ్ళో కుర్రాళ్ళంతా ప్రభ, అంటే తిరునాళ్ళకి తీసుకెళ్ళే ఎత్తైన అలంకరణ చట్రం, కట్టే పనిలో పడతారు. టెంట్ హౌస్ వాడూ, జనరేటర్ వాడూ, మైక్ సెట్ వాడూ మనకు చిక్కరు. ఆ తర్వాత పదో తరగతికి ప్రీఫైనల్స్, మార్చి మధ్యలో పబ్లిక్ పరీక్షలు.

టైము కూడా కూలికి వెళ్ళొచ్చేవాళ్ళను చూసి పెట్టు. వాళ్ళు నాలుగున్నరకీ ఐదుకీ ఇల్లు చేరతారు, స్నానం చేయాలి. ఐదున్నర నుంచి ఆరున్నర దాకా తరగతి గదులు తెరిచి ఉంచు. ఎందుకో కింద చెబుతాను. ఆరున్నరకి స్టేజి, ఎనిమిదీ ముప్పావుకి జనగణమన. భోజనం బడిలోనే అని ముందే చెప్పు. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించే పని లేదంటే ఆడవాళ్ళు నిమ్మళంగా కూర్చుంటారు. చిన్నపిల్లలకి మాత్రం ఐదింటికే ఉప్మానో పులిహోరో పెట్టించు. ఖాళీ కడుపుతో ఎవరినీ స్టేజి ఎక్కించకు.

ఇక అతిథులు. నిన్ను నలిపేసేది ఇదే. ఎమ్మెల్యే గారు, సర్పంచి, మండల విద్యాధికారి (ఎంఈఓ), మండలం వాళ్ళు, దాతలు, పాత హెడ్మాస్టర్లు. ఎవరినీ పిలవకుండా ఉండలేం, ఉండకూడదు కూడా, రేపు గది కావాలన్నా గోడ కావాలన్నా వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. పిలువు. కానీ పిలిచేటప్పుడే చెప్పు, మాట్లాడేది ముగ్గురు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు అని. కార్డు మీదే అచ్చు వేయించు. ఆరున్నరకి ఎవరు వచ్చినా రాకపోయినా మొదలుపెట్టు. పెద్దమనిషి ఏడింటికి వస్తే, జరుగుతున్న డాన్సు అయిపోయాక లేచి నిలబడి స్వాగతం చెప్పి మైకు ఇవ్వు. డాన్సు మధ్యలో మాత్రం ఆపకు. వాళ్ళ పీఏకి రెండు రోజుల ముందే ఫోన్ చేసి ఈ పద్ధతి చెబితే ఎవరికీ కోపం రాదు. నా సర్వీసులో ఆ తర్వాత చేసిన ఐదు వార్షికోత్సవాలూ ఇలాగే చేశాను, ఒక్కరు కూడా అలగలేదు. ఒక ఎమ్మెల్యే గారైతే పిల్లల మధ్యన పట్టా మీద కూర్చుని చివరిదాకా చూసి వెళ్ళారు.

సన్మానాలు కూడా కుదించు. శాలువా కప్పాలంటే మొదటి శాలువా మన ఆయాకి కప్పు, రెండోది వంట చేసే వాళ్ళకి. మూడొందల మందికి రోజూ అన్నం వండే మనిషి పేరు ఊళ్ళో ఎంతమందికి తెలుసు? మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. గోదావరి జిల్లాలో అడిగినవాళ్ళకి లేదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఆ పేరు బోర్డు మీద ఉన్నప్పుడు మన వంటమనిషి స్టేజి మీద ఉండటమే మర్యాద.

పిల్లల కార్యక్రమాల విషయంలో నేను చెప్పేది మొండిగా అనిపించొచ్చు. బాగా డాన్సు చేసే ఇరవైమందే ఆరు పాటలకి ఎక్కడం, మిగతా రెండొందల ఎనభైమంది కింద కూర్చుని చప్పట్లు కొట్టడం, చాలా బడుల్లో జరిగేది ఇదే. నువ్వు చేయొద్దు. తరగతికి తరగతి మొత్తం స్టేజి ఎక్కాలి. అందరూ డాన్సే చేయక్కర్లేదు. పద్యం చెప్పేవాడు చెబుతాడు, కోలాటం కట్టేవాళ్ళు కడతారు, ఏమీ రాదనుకునే పిల్లవాడు ఒక బొమ్మ గీసి పట్టుకుని నిలబడతాడు. సెక్షన్ స్టేజి ఎక్కగానే యాంకర్ అందరి పేర్లూ చదవాలి, ఇంటిపేరుతో సహా. టైము చాలదంటారు మన స్టాఫ్. లెక్కల టీచరుని కదా, లెక్క వేసే చెబుతున్నాను. ఒక్కో పేరుకి రెండు సెకన్లు. మూడొందల మందికి ఆరొందల సెకన్లు, అంటే పది నిమిషాలు. రెండు ఉపన్యాసాలంత. తన పేరు మైకులో వినపడగానే పిల్లలు ఎలా నిటారుగా నిలబడతారో నువ్వే చూస్తావు.

యాంకర్లుగా టీచర్లను పెట్టకు, పదో తరగతి ఆడపిల్లనూ ఏడో తరగతి పిల్లాడినీ పెట్టు. చదివే కాగితం వాళ్ళ చేతే రాయించు. ప్రతిజ్ఞతో మొదలుపెట్టించు, తల్లిదండ్రులను కూడా లేచి నిలబడి చెప్పమను. "భారతదేశం నా మాతృభూమి" అని దేశమంతా రోజూ చెప్పే ఆ ప్రతిజ్ఞ రాసింది మన తెలుగువారే. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా రాశారు. ఈ ముక్క యాంకర్ చేత చెప్పించు, ఊళ్ళో చాలామందికి తెలియదు.

సినిమా పాటలు అసలే వద్దనను, పిల్లలకి సరదా ఉంటుంది. ఆరో తరగతి పిల్ల చేత పెద్దవాళ్ళ పాటకి గెంతించకు, అంతే. పల్నాడులో పుట్టి పెరిగిన పిల్లలు, పల్నాటి యుద్ధ వీరుడు బాలచంద్రుడి ఏకపాత్ర ఒకటైనా ఉండాలి. కిరాయి డ్రెస్సులు మాత్రం ఖచ్చితంగా వద్దు. గుంటూరు నుంచి ఒక్కో డ్రెస్సు మూడొందలకో నాలుగొందలకో తెస్తారు, అది కూలి మనిషికి ఒక రోజు సంపాదన. ఇద్దరు పిల్లలుంటే రెండు రోజులు. డబ్బులు లేక తమ పిల్లను డాన్సులోంచి తీసేయమని చెప్పి పంపిన తల్లులు నాకు తెలుసు. యూనిఫాం మీద రంగు ఉత్తరీయం చాలు. ఆడపిల్లలు ఇంట్లో ఉన్న లంగా ఓణీలు వేసుకొస్తారు. లేని పిల్లకి ఉన్న పిల్ల చేత తెప్పించే పని క్లాస్ టీచరుది, ఎవరికీ తెలియకుండా.

డబ్బు. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండు. ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం నుంచి వచ్చే స్కూల్ గ్రాంట్ మూడొందల మంది ఉన్న బడికి 75 వేలు. అది చాక్‌పీసులకీ, మరమ్మతులకీ, శుభ్రతకీ, కరెంటు బిల్లుకీ. దాన్ని షామియానాకి తిప్పకు. పిల్లల దగ్గర ఒక్క రూపాయి కూడా వసూలు చేయకు, స్వచ్ఛందం అన్న పేరుతో కూడా. ముందు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీని కూర్చోబెట్టు. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు. తీర్మానం రాయించి సంతకాలు పెట్టించు, వేలిముద్ర వేసేవాళ్ళకి చదివి వినిపించి వేయించు. ఖర్చు వాళ్ళ చేతే పెట్టించు. దాతల నుంచి నగదు కంటే వస్తువు అడుగు. ఒకరు టెంటు, ఒకరు బియ్యం, ఒకరు పెరుగు. ఊళ్ళో అడగాలేగానీ లేదనే ఇల్లు ఉండదు.

ఎవరెంత ఇచ్చారో మైకులో చదవకు. ఒకసారి ఒక బడిలో లక్ష ఇచ్చిన ఆయన పేరు మూడుసార్లు చదివారు. రెండు కుంచాల కందిపప్పు మోసుకొచ్చి ఇచ్చిన ఒక ముసలాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. అది విని తువ్వాలు భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. పిలిచినా ఆగలేదు. ఆఫీసు గది బయట ఒక బోర్డు పెట్టి అందరి పేర్లూ ఇచ్చిన వరసలో రాయించు, పక్కన అంకె వేయొద్దు. ఖర్చుల లెక్క మాత్రం పైసలతో సహా వారం లోపు అదే బోర్డు మీద అంటించు. మొహాలున్న ఫ్లెక్సీలు గేటుకి కట్టనివ్వకు. కట్టాలని పట్టుబడితే, ఆ ఫ్లెక్సీ డబ్బుతో లైబ్రరీకి పుస్తకాలు కొనిపెట్టమను, పేరు బీరువా మీద రాయిద్దాం అను.

ఇప్పుడు తరగతి గదులు ఎందుకు తెరవమన్నానో చెబుతాను. ఈ ఉత్తరంలో నాకన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే.

స్టేజి మీద హెడ్మాస్టరు చదివే వార్షిక నివేదిక నువ్వూ ఎన్నోసార్లు విన్నావు. ఉత్తీర్ణతా శాతం, నమోదు శాతం, ఫలానా పథకం కింద ఇన్ని లక్షలు. పట్టా మీద ఎవరికీ ఒక్క ముక్క ఎక్కదు. తల్లికి కావలసింది తన బిడ్డ సంగతి. అది మైకులో చెప్పే సంగతి కాదు. అందుకే ఆ గంటసేపు తల్లిదండ్రులను పిల్లల గదిలోకి తీసుకెళ్ళాలి. బిడ్డ రోజూ కూర్చునే బెంచీ మీద కూర్చోబెట్టాలి. నోటుపుస్తకాలు ముందు పెట్టాలి. క్లాస్ టీచరు ఒక్కో కుటుంబంతో రెండు నిమిషాలు మాట్లాడాలి. ముందు ఆ బిడ్డకి బాగా వచ్చిన పని ఒకటి చెప్పాలి. మార్కుల్లో లేకపోతే ఆటలో, ఆటలో లేకపోతే సాటి పిల్లలకి సాయం చేయడంలో, వెతికితే ప్రతి బిడ్డలోనూ ఉంటుంది. తర్వాత ఎన్ని రోజులు బడికి వచ్చాడో, ఎక్కడ వెనకబడ్డాడో చెప్పాలి. పక్క బెంచీలో వాళ్ళకి వినపడకుండా. ర్యాంకులు గోడ మీద అంటించొద్దు.

నోటితో చెప్పడం ఎందుకంటే, ఒకసారి ప్రోగ్రెస్ కార్డు ఇస్తే ఒక తండ్రి తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. చూసి, "బాగానే చదువుతున్నాడమ్మా" అని సంతకం బదులు వేలిముద్ర వేసి ఇచ్చాడు. ఆ పిల్లాడు నాలుగు సబ్జెక్టుల్లో పోయాడు. తప్పు ఆయనది కాదు, కాగితం చేతిలో పెట్టి ఊరుకున్న మాది. ఆ రోజు నుంచి కార్డు ఇచ్చిన ప్రతిసారీ కూర్చోబెట్టి చెప్పాను.

పోయిన ఏడాది డిసెంబరు 7న, ఈ ఏడాది జులై 10న మెగా పీటీఎం, అదే తల్లిదండ్రులూ టీచర్ల సమావేశం, పెట్టారు కదా, రాష్ట్రమంతా ఒకే రోజు. పద్ధతిగా పిలిస్తే కూలి మానుకుని అయినా వస్తారని ఆ రెండుసార్లూ తేలింది. ఆ అలవాటును నువ్వు ఈ పండగలో కలుపుకో.

మైకులో చెప్పాల్సింది వేరే. అందరికీ పనికొచ్చే కబుర్లు, ఏడు నిమిషాలు మించకుండా, నీ మాటల్లో చెప్పు. నేనైతే ఇలా చెబుతాను. "ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్న పిల్లల అమ్మానాన్నలు వినండి. వచ్చే ఏడాది మీ పిల్లలు ఎనిమిదిలోకి వచ్చాక ఎన్ఎంఎంఎస్ అని ఒక స్కాలర్‌షిప్పు పరీక్ష ఉంటుంది. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12 వేలు కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఆ పరీక్ష రాయాలంటే ఏడో తరగతిలో 55 శాతం మార్కులు రావాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 50. అంటే ఈ రెండు నెలల చదువు మీదే ఉంది." ఇలా చెబితే ఏ తల్లికైనా అర్థమవుతుంది, రేపటి నుంచి ఏం చేయాలో తెలుస్తుంది.

అలాగే పదో తరగతి వాళ్ళకి ట్రిపుల్ ఐటీ సంగతి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, నాలుగు క్యాంపస్‌లు. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ళ చదువు. మనలాంటి జిల్లా పరిషత్ బడిలో చదివిన పిల్లలకి నాలుగు శాతం డిప్రివేషన్ స్కోరు అదనంగా కలుపుతారు. ఈ సంగతి తెలియకే ఎంతమంది ఎనిమిదో తరగతిలో అప్పు చేసి పిల్లల్ని ప్రైవేటుకి మార్చేస్తున్నారో! ఆ నాలుగు శాతం విలువ మైకులో గట్టిగా చెప్పు. సీటు తెచ్చుకున్న మన బడి పాత పిల్లలెవరైనా ఆ రోజు ఊళ్ళో ఉంటే, వాళ్ళమ్మ పక్కన నిలబెట్టి చూపించు.

హాజరు మాట కూడా చెప్పు, బెదిరిస్తున్నట్టు కాకుండా. కాయలు కోతకొచ్చినప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిల్లల్నీ చేలోకి తీసుకెళ్తారు. ఇంట్లో పరిస్థితి అలాంటిది, మనం కోప్పడి లాభం లేదు. కానీ పిల్లల్ని బడికి పంపే తల్లికి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బుకి 75 శాతం హాజరు కావాలని, పిల్లవాడికి వచ్చే రోజు కూలి కోసం చూసుకుంటే జూన్‌లో వచ్చే 13 వేలు పోతాయని లెక్క కట్టి చెబితే వింటారు. నేను బోర్డు మీద లెక్క వేసి చూపించేదాన్ని. ఆ తర్వాత ఏ తల్లీ కాదనలేదు.

పిలుపుల గురించి. అచ్చు కార్డులు అతిథులకి మాత్రమే కొట్టించు, ఓ యాభై చాలు. ఇళ్ళకి వెళ్ళే పిలుపు పిల్లలే రాయాలి. తెలుగు పీరియడ్‌లో కూర్చోబెట్టి, అమ్మకీ నాన్నకీ ఒక ఉత్తరం రాయించు, నేను ఫలానాది చేస్తున్నాను, మీరు తప్పకుండా రావాలి అని. చదవడం రాని అమ్మకి బిడ్డే చదివి వినిపిస్తుంది, పిలుపు దానంతటదే అందుతుంది. వాట్సాప్ గ్రూపులో టైపు చేసిన నోటీసు పెడితే సగం మంది తెరవరు. నీ గొంతుతో నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టు, అది వింటారు. గుళ్ళో మైకులో, మసీదులో, చర్చిలో కూడా చెప్పించు. కాలనీకీ తండాకీ మాత్రం నువ్వే స్వయంగా వెళ్ళు, సాయంత్రం ఏడింటప్పుడు, స్టాఫ్‌లో ఇద్దరిని తీసుకుని. తండాలో తొమ్మిదో తరగతి పిల్ల చేత వాళ్ళ భాషలో చెప్పించు. హెడ్మాస్టరు గుమ్మం ముందు నిలబడి పిలిచాడంటే ఆ ఇంటివాళ్ళు రాకుండా ఉండరు.

కూర్చోబెట్టడంలోనూ భోజనంలోనూ ఒక్కటే వరస. ముందు కుర్చీలు అతిథులకి, వెనక పట్టాలు మిగతావాళ్ళకి అన్న ఏర్పాటు మనిషికి ఎక్కడో తగులుతుంది. ముసలివాళ్ళకీ, బాలింతలకీ కుర్చీలు ఇవ్వు, మిగతా అందరూ పట్టాల మీదే. భోజనాలు బంతి మీద పెట్టించు. ఎనిమిదొందల ఏళ్ళ కిందట పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు కులం చూడకుండా అందరినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన నేల ఇది. ఆ మాట స్టేజి మీద చెప్పక్కర్లేదు, బంతిలో నువ్వు ఎవరి పక్కన కూర్చున్నావో ఊరంతా చూస్తుంది.

75 ఏళ్ళ సంగతి మర్చిపోలేదు. దానికి పెద్ద ఖర్చు వద్దు, ఒక్క గది చాలు. నీ రూములో ఎడమ పక్క ఇనప బీరువాలో కింది అరలో గోనెగుడ్డ చుట్టి మొదటి అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. నేను దిగిపోయే ముందు చూసినప్పుడు సిరా గోధుమరంగుకి తిరిగి, అంచులు రాలిపోతున్నాయి. మొదటి పేజీలో ఆడపిల్లల పేర్లు వెతికితే రెండే. ఇప్పుడు మన బడిలో సగానికి పైగా ఆడపిల్లలే. ఆ రెండు పేర్లు పెద్ద అక్షరాలతో రాయించి గోడకి పెట్టు. ఆ ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఇంకా ఊళ్ళో ఉన్నారేమో కనుక్కుని ముందు వాళ్ళనే పిలువు.

అదే అరలో పాత రబ్బరు స్టాంపులు ఓ డబ్బాలో ఉన్నాయి. కాగితం మీద వరసగా ముద్ర వేయించి చూడు. 1951లో మన బడి మొదలయ్యేనాటికి మద్రాసు రాష్ట్రం, జిల్లా బోర్డు హైస్కూలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959 తర్వాత జిల్లా పరిషత్ హైస్కూలు. 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. బడి మాత్రం ఆ వేపచెట్టు పక్కన ఉన్నచోటే ఉంది. సోషల్ టీచరు ఏడాదంతా చెప్పినా ఎక్కని పాఠం ఆ అయిదారు ముద్రల్లో పిల్లలకి ఎక్కుతుంది. పాత ఎస్ఎస్ఎల్‌సీ పదకొండో తరగతి దాకా చదివిన తాతలు ఊళ్ళో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ళని ఆ గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టు, పిల్లలే వెళ్ళి అడుగుతారు.

ఒక్క జాగ్రత్త. రిజిస్టరులో కులం గడి, తండ్రి వృత్తి గడి ఉంటాయి. తెరిచి జనంలో పెట్టకు. పేర్లున్న వరుస మాత్రం ఫోటో తీయించి పెట్టు, అసలు పుస్తకం బీరువాలోనే ఉండాలి. అది శాశ్వత రికార్డు, పేజీ చిరిగితే రేపు ఎవరి పుట్టినతేదీకో ఆధారం పోతుంది.

మిగతావి నీకు తెలిసినవే. మైకుకి పోలీసుస్టేషన్లో పర్మిషన్, కరెంటు వైర్లు పిల్లల కాళ్ళ కింద పడకుండా చూడటం, స్టేజికి మెట్లు రెండు వైపులా, ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్ళూ లైటూ. బాణసంచా అసలే వద్దు. తండా పిల్లలు చీకట్లో నడిచి వెళ్ళకుండా రెండు ఆటోలు మాట్లాడి ఉంచు, వాళ్ళు ఇల్లు చేరారని ఫోన్ వచ్చాకే నువ్వు తాళం వెయ్యి. ఆ రోజు రాలేకపోయిన ఇళ్ళ జాబితా క్లాస్ టీచర్ల దగ్గర తీసుకుని సోమవారం నుంచి ఒక్కొక్కరినీ కలవమను.

నన్ను స్టేజి మీదకి పిలుస్తానన్నావు. వద్దు నాయనా, ఆ ఐదు నిమిషాలు ఏడో తరగతి బి సెక్షన్‌కి ఇవ్వు. నేను ముందురోజు శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి వస్తాను. ఇద్దరు పిల్లల్నీ, ఒక మెత్తటి గుడ్డనీ, స్టాంపుల కోసం కొత్త ఇంకు ప్యాడునీ సిద్ధంగా ఉంచు. ఆ బీరువా తాళంచెవి కాస్త ఎడమకి తిప్పి పైకెత్తితేగానీ రాదు, బలం పెట్టి విరగ్గొట్టకు, నేను వచ్చాక తీస్తాను.

ఆశీస్సులతో,
మీ లెక్కల టీచరు